నాలుగొందల పదిహేడో మంచం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో అటెండరు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. అందుకే ఈ సంగతి చెప్పేటప్పుడు కోపం తెచ్చుకోకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. నా పేరు గుండవరపు భీమశంకరం. జిల్లా ఆరోగ్య గొడుగు పథకం కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఆరోగ్య గొడుగంటే, కార్డున్న పేదవాడికి జబ్బు చేస్తే ఆసుపత్రిలో చేర్చుకుని, ఖర్చు సర్కారు పెట్టుకునే బీమా.

మహమ్మారి వచ్చిన ఏడాది ఆసుపత్రుల్లో మంచాలు చాల్లేదు. జనం వరండాల్లో పడుకున్నారు, ఆటోల్లో పడుకున్నారు. పథకం రూలేమో 'ఆసుపత్రి మంచము నందు చేరిన వారికి మాత్రమే బీమా వర్తించును' అని. మంచం లేదు కాబట్టి చేరిక లేదు, చేరిక లేదు కాబట్టి మందు లేదు. అప్పుడు రాజధానిలో కమిషనరేటు వారు ఒక తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు. 'కార్డుదారుని ఇంటి యందలి మంచము ఆసుపత్రి మంచముగా పరిగణించబడును.' ఒకటే వాక్యం. తొంభై రోజుల పాటు అమలు.

నిజం చెప్పొద్దూ, మంచి ఉత్తర్వే. మందులు ఇంటికే వచ్చాయి, గాలి సిలిండర్లు ఇంటికే వచ్చాయి. దాని వల్ల ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో నేను కళ్ళారా చూశాను. ఆ వాక్యం రాసినవాడెవడో గానీ వాడి కడుపు చల్లగుండాలని నాలుగుసార్లయినా అనుకున్నాను. అక్కడితో ఆగితే నేనీ కథ చెప్పే పని ఉండేది కాదు.

ఇంటి మంచం ఆసుపత్రి మంచం అయ్యాక దానికో నంబరుండాలి కదా. ఆ పని నాకు పడింది. ఒక నీలం రంగు డబ్బా, ఒక కుంచె పట్టుకుని మా మండలాలన్నీ తిరిగి నులక మంచాలకీ, నవారు మంచాలకీ, పట్టె మంచాలకీ నంబర్లు వేశాను. మంచం లేనివాళ్ళకి చాప అంచున వేశాను. మంచమున్న చోట ఆసుపత్రి ఉన్నట్టు. ఆసుపత్రి ఉంటే సూపరింటెండెంటు ఉండాలి. అందుకని తొమ్మిదో క్లాజు పెట్టారు, 'రేషన్ కార్డు నందు ఇంటిపెద్దగా నమోదైన వారు సదరు ఆసుపత్రికి సూపరింటెండెంటుగా పరిగణించబడుదురు' అని. రేషన్ కార్డుల్లో ఇంటిపెద్దలు ఆడవాళ్ళే. అట్లా ఒక్క ఉదయంలో మా జిల్లాలో లక్షమంది ఆడవాళ్ళు సూపరింటెండెంట్లయ్యారు. ఆ సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు.

రోగి వివరాలు నింపే ఫారం ఒకటి వచ్చింది. అందులో నింపాల్సిన గడులు, అంటే కాలాలు, మూడే. చేరిక, చికిత్స వికటింపు, మరణం. డిశ్చార్జి కాలం ఏదండీ అని ఫోన్ చేసి అడిగాను. తాత్కాలిక ఉత్తర్వు కదండీ, తొంభయ్యో రోజున ఉత్తర్వు రద్దయితే అందరూ ఒక్కసారే డిశ్చార్జి అయిపోతారు, వేరే కాలం దండగ అన్నారు. నాకూ సబబే అనిపించింది.

తొంభయ్యో రోజున ఉత్తర్వు రద్దు కాలేదు. ఇంకో తొంభై రోజులు పొడిగించారు. తర్వాత ఇంకో తొంభై. జబ్బు తగ్గుముఖం పట్టింది, మాస్కులు తీసేశాం, సినిమా హాళ్ళు తెరిచారు, ఉత్తర్వు మాత్రం పొడుగవుతూనే ఉంది. ఎందుకంటే అప్పటికి మంచాలు లెక్కపెట్టడం మొదలైంది. తలకి ఎన్ని ఆసుపత్రి మంచాలున్నాయనే లెక్కలో మాది అన్నిటికన్నా ముందున్న జిల్లా. మా ఆఫీసు గోడకి ఒక షీల్డు కూడా తగిలించారు. ఉత్తర్వు రద్దయితే ఆ మంచాలన్నీ మళ్ళీ ఉత్త మంచాలైపోతాయి. అంత సాహసం ఎవరు చేస్తారు? ఏడో పొడిగింపులో ఉద్యోగులు కూడా స్వచ్ఛందంగా తమ మంచాలు నమోదు చేయించుకుని కార్డు తీసుకోవచ్చని సదుపాయం కల్పించారు. నేను ఆ కాగితం చూడనట్టే ఊరుకున్నాను.

ఇట్లాంటి రోజుల్లో మా ఆఫీసుకి సిలార్ సాహెబు వచ్చాడు, వెంట ఆయన భార్య జాన్‌బీ.

సిలార్ సాహెబు మా వైపు పేరున్న సన్నాయి విద్వాంసుడు. వాళ్ళ తాతల నాటి నుంచి దూదేకుల వారి ఇంటి సన్నాయి మోగందే మా చుట్టుపక్కల తాళి కట్టరు. నా పెళ్ళిలో ఊదింది వాళ్ళ నాయన. మహమ్మారి రెండేళ్ళూ పెళ్ళిళ్ళు జరిగినా సన్నాయి లేదు. మూతికి గుడ్డ కట్టుకుని డోలు వాయించొచ్చు గానీ సన్నాయి ఊదలేరు కదా. ఇప్పుడు మళ్ళీ ముహూర్తాలు వచ్చాయి. మాఘమాసానికి పదకొండు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాడు. సాధన మొదలు పెట్టిన మూడో రోజున గజ్జల దగ్గర నిమ్మకాయంత వాపు పొడుచుకొచ్చింది.

"పేగు జారిందంట సారూ," అన్నాడు బెంచీ అంచున కూర్చుంటూ. "పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషను చేసిందాకా ఊదొద్దంది. ఊదితే పేగు మెలిపడి ప్రాణం మీదకొస్తదంట."

"అయితే చేయించుకోండి. కార్డుందిగా."

"అదే కదా వచ్చింది," అంది జాన్‌బీ. అరవై ఏళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. ఎదటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా రెప్ప వెయ్యదు. "కార్డు ఇస్తే ఆ పిల్ల మిషన్లో కొట్టి, నీ మొగుడు ఇప్పటికే ఆసుపత్రిలో ఉన్నాడమ్మా, చేరినోణ్ణి మళ్ళా ఎట్టా చేర్చుకోమంటావ్ అంటది. ఈయన నా పక్కనే నిలబడున్నాడు. ఏ ఆసుపత్రే తల్లీ అంటే, మీ ఇల్లే అంటది."

రిజిస్టరు తీశాను. రెండేళ్ళ కిందట ఆయనకి జ్వరం వచ్చింది. పది రోజుల్లో తగ్గింది. మంచం నంబరు 417, నా దస్తూరీతోనే ఉంది. డిశ్చార్జి లేదు. ఆ నంబరు వేసిన రోజు జాన్‌బీ నాకు మజ్జిగ కూడా ఇచ్చింది.

ఇద్దర్నీ బయట కూర్చోబెట్టి మా ఉప సంచాలకులు ధర్మపురి సత్యభూషణం గారి గదిలోకి వెళ్ళాను. ఆయన మనిషి మంచివాడే. మాట్లాడితే మాత్రం ఫైలు చదువుతున్నట్టుంటుంది. విషయం చెప్పాను. కళ్ళజోడు సర్దుకున్నారు.

"సదరు వ్యక్తి ప్రస్తుతం ఎక్కడ ఉన్నారు?"

"బయట బెంచీ మీదండి."

"రికార్డు ప్రకారం?"

"రికార్డు ప్రకారం ఇంట్లో మంచం మీదండి."

"అయితే బెంచీ మీద ఉన్నది ఎవరు?"

"ఆయనేనండి."

సత్యభూషణం గారు పెన్నుకి మూత పెట్టారు. "అనుమతి లేకుండా రోగి ఆసుపత్రి విడిచి సంచరించడం నిబంధనలకు విరుద్ధం. మానవతా దృక్పథంతో ఈ అంశాన్ని నేను గమనించలేదు. మీరూ గమనించకండి."

"ఆయన్ని డిశ్చార్జి చేద్దామండి."

"ఏ కాలంలో?"

మూడు కాలాలూ మరోసారి చూశాం ఇద్దరం. ఆయన వేలు మూడో దాని మీద ఆగింది. "మరణం నమోదు చేసినచో చేరిక తనంతట తానే ముగియును. పిమ్మట నూతన కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. సాంకేతికంగా ఇబ్బంది లేదు."

ఈ మాట నేను బయటికెళ్ళి చెప్పలేదు. తలుపు తెరిచే ఉంది కాబట్టి జాన్‌బీకి అంతా వినబడింది. గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"రెండేళ్ళు ఆ మాయరోగానికి బలికాకుండా కళ్ళలో పెట్టుకుని కాచుకున్నానయ్యా ఈ మనిషిని. పైవాడు కూడా చంపనోణ్ణి మీ పుస్తకంలో చంపనిస్తానా?"

"అమ్మా, ఇది తాత్కాలిక మరణం మాత్రమే," అన్నారు సత్యభూషణం గారు, ఎంతో గౌరవంగా.

ఆ దారి మూసుకుంది. ఇంకోటి మిగిలింది. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి రోగిని పంపించొచ్చు. దానికి పంపే ఆసుపత్రి సూపరింటెండెంటు ఉత్తరం రాయాలి. సిలార్ సాహెబు ఉన్న ఆసుపత్రికి సూపరింటెండెంటు ఎవరా అని రేషన్ కార్డు చూశాం. జాన్‌బీ.

"నేనా?" అంది.

"తొమ్మిదో క్లాజు ప్రకారం రెండేళ్ళుగా మీరే మేడమ్," అన్నారు ఆయన. ఆమెని మేడమ్ అనడం అదే మొదలు. కుర్చీ కూడా చూపించారు. అదిరిపడుతుందనుకున్నాను. ఆమె కూర్చుని కొంగు సర్దుకుని, "రాయి సారూ," అంది నాతో.

ఉత్తరం నేను రాశాను, ఆమె సంతకం చేసింది. వయోజన విద్యలో నేర్చుకుందట, మూడక్షరాలూ విడివిడిగా, గుండ్రంగా పెట్టింది. రెండో రోజున ఉత్తరం వెనక్కొచ్చింది. హోదా తెలిపే ముద్ర లేని సంతకం చెల్లదట. బజార్లో గడియారాల కొట్టు పక్కన రబ్బరు ముద్రలు చేసేవాడి దగ్గరికి వెళ్ళి చేయించుకొచ్చింది. 'జాన్‌బీ, సూపరింటెండెంట్, గృహ ఆసుపత్రి, మంచం నం. 417.' ముద్ర వేసి పంపాం. మళ్ళీ వెనక్కొచ్చింది. ముద్ర సగమే పడిందట. మూడోసారి రెండు చేతులతో ఒత్తింది. బల్ల కిర్రుమంది. ఈసారి వెళ్ళింది.

వారం తర్వాత కమిషనరేటు నుంచి జవాబు వచ్చింది. జవాబు కాదు, సంజాయిషీ నోటీసు. 'మీ ఆసుపత్రి నందు శస్త్రచికిత్సా సదుపాయము లేకపోవుటకు కారణములు ఏడు దినములలో తెలుపవలెను. ఈలోపు తనిఖీ బృందము సందర్శించును.'

బృందంలో ముగ్గురొచ్చారు, వాళ్ళకి దారి చూపించే పని నాది. సిలార్ సాహెబు ఇల్లు ఒకటే గది, ముందు రేకుల వసారా. ఒకాయన మంచం పొడవు కొలిచాడు. ఇంకొకాయన గోలెంలో నీళ్ళు చూసి 'అగ్నిమాపక ఏర్పాటు: సంతృప్తికరం' అని రాసుకున్నాడు. మూడో ఆయన, ఆయనే పెద్ద, మంచం మీద ఏముందో చూశాడు. ఎండుమిరపకాయలున్నాయి. మబ్బేస్తే ఆ ఉదయమే వసారాలోంచి తీసి అక్కడ పోసింది జాన్‌బీ.

"రోగి ఏరి?"

వసారాలో సన్నాయికి గుడ్డ తొడుగుతున్నాడు రోగి. ఊదకూడదు కాబట్టి రోజుకోసారి తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెట్టేవాడు. ఆ తుడవడం చూడలేక నేను అటు తిరిగాను.

"రోగి మంచం మీద లేకపోవుట, మంచం మీద వేరొకరు ఉండుట," అని పెద్దాయన చెబుతుంటే రెండో ఆయన రాసుకున్నాడు.

"వేరొకరు కాదండి, మిరపకాయలు," అన్నాను.

"పడక ఆక్రమణ అని రాయండి. ఆక్రమించినది ఏదైనను నిబంధన ఒకటే." తర్వాత జాన్‌బీ వైపు తిరిగాడు. "మేడమ్, మీ సంస్థలో సందర్శకుల వేళలు ఏవి?"

"కోళ్ళు మూసేదాకా ఎవురైనా రావొచ్చయ్యా," అంది ఆమె. అదీ రాసుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక సంజాయిషీకి జవాబు రాయడానికి కూర్చున్నాం. నేను రాసేది, ఆమె చెప్పేది. అప్పటికి నాకు ఒట్టు తీసి గట్టు మీద పెట్టేంత కోపంగా ఉంది. ఆమె కోపం ఇంకో రకం, చల్లగా ఉంటుంది.

"రాయి. అయ్యా, మా ఆసుపత్రిలో ఒక గది, ఒక పొయ్యి, ఒక మంచం ఉన్నయి. కోతకి కత్తిపీట ఒకటుంది. దాంతో చెయ్యమంటే మీ ఇష్టం."

నాకు నవ్వొచ్చింది. రెండేళ్ళలో మా ఆఫీసులోంచి వెళ్ళిన కాగితాల్లో ఒక్కటైనా నిజం మాట్లాడాలనిపించింది. ఉన్నది ఉన్నట్టు రాశాను. ముప్పై ఏళ్ళ సర్వీసున్నవాణ్ణి, వెటకారం పై ఆఫీసుకి అర్థం కాదని నాకు తెలిసుండాలి. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమనే వాళ్ళకి కత్తిపీట కబురు పంపినవాణ్ణి నేను. ఈ కథలో తప్పు ఎవరిదని ఎవరైనా అడిగితే ముందు నా పేరు చెప్పండి.

పది రోజులకి ఉత్తర్వొచ్చింది. సత్యభూషణం గారు స్వయంగా చదివి వినిపించారు, ముఖం వెలిగిపోతోంది.

"సూపరింటెండెంట్ గారి జవాబును సానుకూలంగా పరిశీలించడమైనది. సదరు ఆసుపత్రి నందు గది ఒకటి, ఉష్ణ శుద్ధి ఏర్పాటు ఒకటి, మంచము ఒకటి, శస్త్రచికిత్సా పరికరము ఒకటి అందుబాటులో ఉన్నట్లు తేలినందున, రోగిని వేరొక ఆసుపత్రికి పంపవలసిన అవసరము కనబడదు. శస్త్రచికిత్స అచటనే నిర్వహించవలెను." కాగితం దించారు. "శంకరం గారూ, మన జిల్లాలో శస్త్రచికిత్సా సదుపాయం గల తొలి గృహ ఆసుపత్రి. అభినందనలు."

"సార్, అది కత్తిపీట. వంకాయలు కోసేది."

"పరికరం పేరు ఉత్తర్వులో లేదు కదండీ."

"ఆ మనిషి చచ్చిపోతాడు సార్."

ఆయన నా వైపు చూశారు. నిజంగానే బాధపడ్డారు, అది చెప్పాలి. గొంతు తగ్గించి, "తాత్కాలికమే కదండీ," అన్నారు.

ఆ సాయంత్రం ఆ కాగితం తీసుకుని వాళ్ళింటికెళ్ళాను. సిగ్గుతో చచ్చాను. సిలార్ సాహెబు కాగితం చదివి మడిచి నాకిచ్చేశాడు. పదకొండు పెళ్ళిళ్ళలో నాలుగు అప్పటికే వేరే మేళానికి వెళ్ళిపోయాయి. "మా నాయన డెబ్బై రెండేళ్ళకి కూడా ఊదాడు సారూ," అన్నాడు. జాన్‌బీ ఆ కాగితం మళ్ళీ నా దగ్గర్నుంచి తీసుకుని, పెట్టెలో పెట్టింది. "ఉండనీ, ముద్రున్న కాగితం," అంది.

మళ్ళీ దరఖాస్తు పెట్టాను. మళ్ళీ, మళ్ళీ పెట్టాను. ఆర్థిక సంవత్సరం ముగియవచ్చింది. పెండింగు కేసులు ఎక్కువున్నాయని పైవాళ్ళకి బెంగ పట్టుకుంది. ఒక అనుబంధ ఉత్తర్వు వచ్చింది, 'ముప్పై దినములు దాటిన శస్త్రచికిత్సలు పూర్తి అయినట్లుగా పరిగణించబడును' అని. ఒక్క రోజులో రాష్ట్రంలో ఎక్కడా పెండింగు లేదు. మధ్యాహ్నం సిలార్ సాహెబు ఫోన్‌కి కబురొచ్చింది. 'మీ శస్త్రచికిత్స విజయవంతమైనందుకు శుభాకాంక్షలు. త్వరగా కోలుకోండి.'

కోలుకోలేదు. అది వచ్చిన మూడో రోజు పొద్దున, జాన్‌బీ నీళ్ళకి వెళ్ళినప్పుడు, సన్నాయి తీసి ఒక్కసారి ఊదాడట. రాగం కూడా కాదు, ఊరికే శ్రుతి చూసుకోవడానికి. తర్వాత నాతో చెప్పాడు, మరచిపోయానేమో అని భయమేసింది సారూ అని. పేగు మెలిపడింది. ఆమె బిందెతో వచ్చేసరికి నేల మీద మెలికలు తిరుగుతున్నాడు.

నాకు ఫోనొచ్చేసరికి పదిన్నర. పెద్దాసుపత్రికి పరుగెత్తాను. స్ట్రెచర్ మీద ఉన్నాడు, ముఖం సున్నం కొట్టినట్టుంది, వాంతులవుతున్నాయి. డాక్టరు స్వరూపరాణి గారు పొట్ట నొక్కి చూసి నా వైపు తిరిగారు.

"రెండు గంటలు. ఆ తర్వాత పేగు కుళ్ళడం మొదలవుతుంది. నేను థియేటర్ సిద్ధం చేయిస్తున్నాను. అనుమతి లేకుండా కత్తి పెడితే మా యాజమాన్యం నన్ను ఇంటికి పంపిస్తుంది, అయినా పెడతాను. ముందు మీరు ఆ కౌంటర్ సంగతి చూడండి."

కౌంటర్లో అమ్మాయి కార్డు కొట్టి తెర నా వైపు తిప్పింది. 'హెర్నియా శస్త్రచికిత్స: పూర్తి అయినది. నిర్వహించిన ఆసుపత్రి: మంచం నం. 417. ఫలితం: విజయవంతం.' కింద ఇంకో వరస. 'ఇదే శస్త్రచికిత్సకు మరల అనుమతి లేదు.'

"అయిపోయిన ఆపరేషన్ మళ్ళీ ఎలా చేస్తారు సార్?" అంది ఆ అమ్మాయి. కళ్ళలో నీళ్ళున్నాయి దానికి. దాన్ని తిట్టి లాభం లేదు. సత్యభూషణం గారికి ఫోన్ చేశాను. సమీక్షా సమావేశంలో ఉన్నారట. కమిషనరేటుకి చేశాను. మీరు ఎనిమిదో వరుసలో ఉన్నారని పాట మొదలైంది. నాకేం తోచలేదు. ముప్పై ఏళ్ళు రూల్సు చదివినవాణ్ణి, కౌంటర్ చెక్క పట్టుకుని నిలబడిపోయాను.

జాన్‌బీ నా పక్కకి వచ్చింది. "ఆపరేషను ఎవురు చేసినట్టు రాసుంది?"

"మీ ఆసుపత్రేనమ్మా."

"అంటే నేనే."

"రికార్డు ప్రకారం మీరే."

"మంచిగయిందని రాసుంది?"

"విజయవంతమని రాసుంది."

ఆమె స్ట్రెచర్ వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది. "నీ ఫారంలో మధ్య గడి ఒకటుండె. ఆ రోజు మజ్జిగ తాగతా చదివావు. చేరిక, వికటింపు, చావు. ఆ మధ్యది ఎందుకు?"

రెండేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ కాలం నేను వాడలేదు. ఇళ్ళలో మంచాల మీద మందులూ గాలీ తప్ప కోత చికిత్సేదీ జరగలేదు కాబట్టి ఏదీ వికటించలేదు. కానీ దాని కింద చిన్న అక్షరాల్లో ఏముందో నాకు కంఠతా వచ్చు. 'చికిత్స వికటించినట్లు సూపరింటెండెంటు ధ్రువీకరించిన యెడల పూర్వపు చేరిక రద్దగును. రోగిని ఏ ఆసుపత్రి యందైనను ముందస్తు అనుమతి లేకుండా తక్షణమే చేర్చుకొనవలెను.'

చదివి వినిపించాను. ఆమె బొడ్లో సంచిలోంచి రబ్బరు ముద్ర తీసింది. అది ఎప్పుడూ దగ్గరే పెట్టుకుంటోందని నాకప్పటిదాకా తెలియదు.

"రాయి. నేను జాన్‌బీని, సూపరింటెండెంటుని. మా ఆసుపత్రిలో నా చేత్తో చేసిన ఆపరేషను చెడింది. తప్పంతా నాదే."

"అట్లా రాస్తే మీ మీద కేసు పెడతారమ్మా."

"పెట్టనీ. మనిషుంటే కదా జైలుకి కూడు తెచ్చేది. రాయి సారూ."

రాశాను. ఆమె సంతకం పెట్టి, ముద్ర కాగితం మీద పెట్టి, రెండు చేతులతో తన బరువంతా మోపి ఒత్తింది. ఒక్క అక్షరం పోకుండా పడింది. ఆ అమ్మాయి మధ్య కాలం నొక్కింది. తెర పచ్చగా మారింది. పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి సిలార్ సాహెబుని లోపలికి తీసుకెళ్ళారు.

పేగు దక్కింది. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. జాన్‌బీ ఆవిడ చేతులు పట్టుకుని వదల్లేదు. నేను బయట కుళాయి దగ్గరికెళ్ళి ముఖం కడుక్కున్నాను. ఏడ్చానని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

ఆ తర్వాత జరగాల్సినవి జరిగాయి. నిర్లక్ష్యపు శస్త్రచికిత్స నిర్వహించినందుకు సూపరింటెండెంట్ జాన్‌బీని సస్పెండు చేశారు. విచారణ ముగిసే వరకు ప్రధాన స్థానము విడిచి వెళ్ళరాదన్నారు. ప్రధాన స్థానమంటే వాళ్ళిల్లే. అక్కడే ఉంటానంది ఆమె. విచారణాధికారి వచ్చి కత్తిపీటని గుడ్డలో చుట్టి సాక్ష్యంగా తీసుకెళ్ళాడు. మంచానికి తాడు కట్టి లక్క సీలు వేశాడు. ఆపరేషనైన మనిషి చాప మీద పడుకున్నాడు. ఆ చాపకి నంబరు లేదు.

నెల తిరక్కుండా నాకు మెమో వచ్చింది. 'మీ పరిధిలో ఆసుపత్రి మంచముల సంఖ్య ఒకటి తగ్గినందున జిల్లా రెండవ స్థానమునకు దిగజారినది. లోటును ఎట్లు భర్తీ చేయుదురో తెలుపవలెను.' సత్యభూషణం గారు గోడ మీది షీల్డు వైపు చూస్తూ, "ఉద్యోగుల స్వచ్ఛంద సదుపాయం ఒకటి ఉన్నది కదండీ," అన్నారు. "తాత్కాలికంగా."

మా మంచానికి నేనే నంబరు వేసుకున్నాను. నీలం రంగు డబ్బాలో అడుగున కాస్త మిగిలుంటే సరిపోయింది. మా ఆవిడ కామేశ్వరి గుమ్మంలో నిలబడి చూసింది. "ఇప్పుడు మీరు రోగి అన్నమాటా?" అంది. పరిగణించబడ్డానన్నాను. "ఏం జబ్బు?" అంది. దానికి ఫారంలో కాలం లేదన్నాను. జిల్లా మళ్ళీ మొదటి స్థానానికి వచ్చింది, ఉత్తర్వు ఇంకో తొంభై రోజులు పొడిగించారు.

మొన్న ఆఫీసు మెట్లెక్కుతుంటే ఎడమ వైపు పట్టేసినట్టయింది. చెమటలు పట్టాయి. స్వరూపరాణి గారు చూసి, ఆలస్యం చెయ్యకుండా చేరి గుండె పరీక్షలు చేయించుకోమన్నారు. కౌంటర్లో అమ్మాయి నా కార్డు కొట్టింది. తెర నా వైపు తిప్పనక్కర్లేకపోయింది.

అక్కడి నుంచి తిన్నగా సిలార్ సాహెబు ఇంటికి వెళ్ళాను. సీలు వేసిన మంచం గోడకి ఆనించి ఉంది. ఆయన వసారాలో కూర్చుని సన్నాయి ఊదుతున్నాడు. డాక్టరమ్మ రోజుకి పావుగంట ఊదొచ్చందట. ఆ పావుగంటలో నన్ను చూసినా ఆపలేదు, ఆపొద్దని నేనూ సైగ చేశాను. రాగం ఎక్కడా మరచిపోలేదు.

జాన్‌బీ మజ్జిగ తెచ్చిచ్చింది. సంగతి చెప్పి, ఆ రబ్బరు ముద్రలు చేసేవాడు కొట్టు ఎన్నింటిదాకా తీసుంచుతాడని అడిగాను. ఆమె నా ముఖంలోకి రెప్ప వెయ్యకుండా చూసింది.

"చీకటి పడేదాకా ఉంటాడు. ఇప్పుడే పో," అంది. "మీ ఇంటావిడకి చెప్పు సారూ, రెండు చేతుల్తో ఒత్తమను. సగం పడితే ఎనక్కి పంపుతారు."